మోటార్ మౌంట్ ముందుకి జరిపాక ఫ్రంట్ డ్రైవ్‌షాఫ్ట్ టకటకమంటోంది, ఎక్కడ చూడాలి?

కొండెక్కేవాడు
1/10 స్కేల్ క్రాలర్ (రాళ్ళెక్కే రిమోట్ కారు), వీల్‌బేస్ 313 మి.మీ., 35 టర్న్ బ్రష్డ్ 540 మోటార్, 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ. నిటారుగా ఉన్న రాయి ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడుతోందని, మోటార్నీ గేర్‌బాక్స్‌నీ కలిపి 30 మి.మీ. ముందుకి జరిపే అల్యూమినియం మౌంట్ తెప్పించి బిగించాను. కంపెనీ పేరు వద్దులెండి, డబ్బాలో కనీసం సూచనల కాగితం కూడా లేదు. ఇప్పుడు మూడు తలనొప్పులు. ఒకటి, ముక్కు పైకి లేచి ముందు యాక్సిల్ కిందికి వేలాడినప్పుడు థ్రాటిల్ ఇస్తే ఫ్రంట్ డ్రైవ్‌షాఫ్ట్ టకటకమంటోంది, చదునుగా ఉన్నచోట చప్పుడే లేదు. రెండు, గట్టు దిగి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు యాక్సిల్ మీదున్న సర్వో (స్టీరింగ్ తిప్పే మోటార్) వచ్చి మోటార్ వీపుకి తగులుతోంది. మూడు, ముందుకి నొక్కితే వెనక్కి పోతోంది, కొత్త మౌంట్‌లో మోటార్ పాతదానికి ఎదురు దిక్కున కూర్చుంటుంది కాబట్టి అది ఎందుకో అర్థమైంది, కానీ వైర్లు మార్చాలా ఇంకేమైనా చెయ్యాలా తెలీదు. పాత మౌంట్‌కి వెళ్ళిపోవడం నాకిష్టం లేదు, దీన్ని సరిగ్గా కుదిర్చే దారి చెప్పండి.

పినియన్_పిచ్చి
చప్పుడు గేర్ల నుంచా షాఫ్ట్ నుంచా ముందు తేల్చుకో బ్రో. మోటార్ విప్పి పక్కన పెట్టి స్పర్‌ని (మోటార్ మీది చిన్న గేర్ పినియన్ తిప్పే పెద్ద గేర్‌ని) వేలితో తిప్పు. అప్పుడూ పట్టేస్తుంటే మెష్ (ఆ రెండు గేర్ల పళ్ళ కలయిక) సంగతి కాదు.

నెమ్మదిగా_నడుపు
వినగానే కోణం సమస్య అనిపిస్తోంది. ఒక్కసారి లెక్క వేసి చూడు తమ్ముడూ. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ నుంచి యాక్సిల్ ఇన్‌పుట్ దాకా పాతప్పుడు అడ్డంగా 85 మి.మీ. దూరం, ఎత్తు తేడా 35 అనుకుందాం, షాఫ్ట్ వాలు 22 డిగ్రీలు. 30 ముందుకి జరిపావు కాబట్టి అడ్డం దూరం 55 అయింది, ఎత్తు తేడా మాత్రం అదే, ఇప్పుడు వాలు 32 దాటింది. ఇది బండి మామూలుగా నిలబడి ఉన్నప్పటి మాట. యాక్సిల్ ఇంకో 15 మి.మీ. కిందికి వేలాడిందనుకో, 42 డిగ్రీలకి వెళ్ళిపోతుంది. ఆ కోణంలో యోక్ (జాయింట్‌లోని ఫోర్క్ లాంటి ముక్క) చెవి అవతలి యోక్‌ని తన్నడం మొదలుపెడుతుంది, నువ్వు వింటున్న టకటక అదే అయ్యుండాలి.

చూసే పద్ధతి ఇది. ముందు షాకుల్లోంచి స్ప్రింగులు తీసెయ్, షాకులు మాత్రం ఉంచు. మోటార్ తీసెయ్. ఒక చక్రాన్ని పూర్తిగా పైకి, రెండోదాన్ని పూర్తిగా కిందికి పెట్టి షాఫ్ట్‌ని చేత్తో మెల్లగా తిప్పు. పట్టేసేచోట ఆపి టార్చ్ వేసి చూడు, యోక్ లోపలి అంచున మెరిసే గీత కనిపిస్తుంది, లోహం లోహాన్ని రాసుకున్న గుర్తు. ప్లాస్టిక్ యోక్ అయితే తెల్లగా నలిగి ఉంటుంది. రెండు చక్రాలూ కిందికి వేలాడదీసి ఇంకోసారి, రెండూ పైకి నొక్కి ఇంకోసారి చెయ్యి. ఇదంతా స్క్రూలకి లాకర్ (వదులవ్వకుండా వేసే జిగురు) వెయ్యకముందే అయిపోవాలి.

ఇంకోటి, పొట్టి షాఫ్ట్ వేసుంటే లోపలి స్లైడర్ కూడా చూడు. పూర్తిగా వేలాడినప్పుడు రెండు ముక్కలూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండాలి, పూర్తిగా నొక్కినప్పుడు అడుగు తగలకూడదు. అడుగు తగిలితే ఆ దెబ్బ నేరుగా గేర్‌బాక్స్ బేరింగ్ తింటుంది.

కొండెక్కేవాడు
పినియన్_పిచ్చి, మోటార్ తీసినా పట్టేస్తోంది, కాబట్టి షాఫ్టే. నెమ్మదిగా_నడుపు అన్నా, అచ్చం మీరన్నట్టే ఉంది, గేర్‌బాక్స్ వైపు యోక్‌లో ఒక చెవి లోపల సన్నగా గీత, యాక్సిల్ వైపు శుభ్రంగా ఉంది. రెండు చక్రాలూ వేలాడినప్పుడే పట్టేస్తోంది, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నప్పుడు బాగానే తిరుగుతోంది. వెనక షాఫ్ట్ ఇప్పుడు పొడవైంది, దాని స్లైడర్ పట్టు 10 మి.మీ. కూడా లేదు, దాన్నీ మార్చాలి.

ఇత్తడి_వీరుడు
ఇన్ని తిప్పలు దేనికి భయ్యా? ముందు నకిల్స్ (స్టీరింగ్‌తో చక్రాన్ని తిప్పే ముక్కలు) ఇత్తడివి వెయ్, చక్రాల్లో వెయిట్ రింగులు వెయ్, అయిపాయె. బరువు నేలకి ఎంత దగ్గరుంటే అంత మంచిది, మోటార్‌ని ముక్కులోకి తోస్తే పైకి కూడా పోతది, పక్క వాలు మీద బోల్తా కొడతది. నా బండికి మోటార్ ముట్టుకోలే, ఇత్తడితోనే మస్తు ఎక్కుతది.

లెక్కల_మాస్టారు
ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉందండీ, అంకెలు పెట్టి చూద్దాం. బండి 2500 గ్రాములు, మోటార్ 200, గేర్‌బాక్స్ 150 అనుకుందాం. 350 గ్రాముల్ని 30 మి.మీ. ముందుకి జరిపితే, 313 వీల్‌బేస్ మీద వెనక యాక్సిల్ నుంచి ముందు యాక్సిల్‌కి మారే బరువు సుమారు 33 గ్రాములు. అంతే. మొత్తం బరువులో ఒకటిన్నర శాతం కూడా కాదు. మౌంట్ వల్ల అవి 10 మి.మీ. పైకి కూడా లేస్తే బండి సీజీ (బరువు కేంద్రం) ఎత్తు 1.4 మి.మీ. పెరుగుతుంది. 40 డిగ్రీల ఎక్కుడు మీద ముందుకి జరిపినందుకు ముందు చక్రాలకి దొరికేది 26 గ్రాములు, పైకి లేచినందుకు పోయేది 7. మిగిలింది 19 గ్రాములు.

ఇప్పుడు బ్యాటరీ సంగతి చూడండి. 180 గ్రాముల 3ఎస్ బ్యాటరీ వెనక ట్రేలో ఉంటే, దాన్ని 150 మి.మీ. ముందుకి తెస్తే 86 గ్రాములు ముందుకి మారతాయి. ఒక్క గ్రాము కొత్తగా చేర్చక్కర్లేదు. కొండెక్కేవాడు గారూ, మీ బ్యాటరీ ఎక్కడుంది?

కొండెక్కేవాడు
వెనకే ఉంది మాస్టారూ. ముందు జాగా లేక కదా అక్కడ పెట్టింది. కానీ ఇప్పుడు మోటార్ ముందుకి పోయాక మధ్యలో, పాత మోటార్ ఉన్నచోట పక్కగా ఖాళీ వచ్చింది. కిచెన్ తూకం మీద రెండు యాక్సిళ్ళూ విడివిడిగా తూచాను, ముందు 1340, వెనక 1160.

లెక్కల_మాస్టారు
అంటే ముందు 53.6 శాతం. బ్యాటరీని ఆ ఖాళీలోకి తెచ్చి ఇంకాస్త ముందుకి జరిపితే 56, 57 దాకా వస్తారు. చాలామంది చూసుకునేది 60కి 40. ఆ మిగిలిన కొంచెం కోసం అప్పుడు ఇత్తడి వెయ్యండి, వీరుడి గారి మాటా నిలబడుతుంది.

ఇత్తడి_వీరుడు
మాస్టారు లెక్క ఒప్పుకుంటా. అయినా పక్క వాలు మాట వదలను, మోటార్ పైకి పోకుండా చూసుకో. మౌంట్‌కి కింద, పైన రెండు జతల రంధ్రాలు ఉంటే కింది జతకే బిగించు, సర్వో తగిలితే సర్వో సంగతి వేరే చూద్దాం.

స్ప్రింగు_సీను
వీరుడన్న ఒప్పుకున్నాడంటే ఈ చర్చని ఫ్రేమ్ కట్టి పెట్టాలి 😄

గేర్_గిరి
షాఫ్ట్ గోలలో పడి మోటార్ స్క్రూలు ఎవరూ అడగలేదు. చాలా ముఖ్యం. 540 మోటార్ మొహం మీద రంధ్రాలు ఎం3, రెండింటి మధ్య 25 మి.మీ. కొత్త అల్యూమినియం ప్లేట్ మందం పాతదానికంటే తక్కువైతే అవే పాత స్క్రూలు లోపలికి ఎక్కువ పొడుచుకుపోతాయి, వైండింగ్‌కి తగిలి ఎనామెల్ గీరుకుపోతే షార్ట్. ప్లేట్ లేకుండా స్క్రూని చేత్తో మోటార్‌లోకి ఎంతవరకు పోతుందో తిప్పి చూసి, ఎక్కడన్నా తగిలినట్టు అనిపిస్తే ఆగి, ఆ లోతు కొలుచుకుని, దానికి ప్లేట్ మందం, వాషర్ మందం కలుపుకుని అంతకంటే కాస్త పొట్టి స్క్రూ వెయ్యండి. నేనైతే మోటార్ లోపలికి 3 మి.మీ. చాలంటాను.

మెష్‌కి మామూలు కాగితం ముక్క సన్నగా కత్తిరించి పినియన్‌కీ స్పర్‌కీ మధ్య పెట్టి, రెండింటినీ దగ్గరికి నొక్కి స్క్రూలు బిగించి, తర్వాత స్పర్‌ని తిప్పి కాగితం బయటికి తియ్యండి. కాగితం చిరక్కుండా మడతలు మడతలుగా రావాలి. తర్వాత స్పర్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పి నాలుగైదు చోట్ల వేలితో కదిపి చూడండి, ఎందుకంటే స్పర్ ఖచ్చితంగా గుండ్రంగా ఉండదు, బిగుతుగా ఉన్నచోటే సెట్ చెయ్యాలి. స్పర్, పినియన్ ఒకే పిచ్ (పళ్ళ సైజు) అయ్యుండాలి, 48 పిచ్ స్పర్‌కి 32 పిచ్ పినియన్ పెడితే ఆ సాయంత్రమే పళ్ళు రాలతాయి.

పినియన్ గ్రబ్ స్క్రూ (పినియన్‌ని షాఫ్ట్‌కి బిగించే చిన్న స్క్రూ) షాఫ్ట్ చదును భాగం మీద పడాలి. ఎం3 గ్రబ్ అయితే 1.5 మి.మీ. అలెన్, ఎం4 అయితే 2 మి.మీ. అరిగిన అలెన్ వాడొద్దు, తల గుండ్రమైపోతే తియ్యడానికి మళ్ళీ డ్రిల్ పట్టుకోవాలి.

పినియన్_పిచ్చి
+1. లోహం లోహంలోకి పోయే స్క్రూలకి నీలం లాకర్ ఒక చుక్క. ప్లాస్టిక్‌లోకి పోయేవాటికి వెయ్యొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పెళుసుబారి పగుల్తాయి.

ప్రింటర్_రాణి
అల్యూమినియం మౌంట్ దేనికి, ఇలాంటిది నేనే 3డి ప్రింట్ చేసుకుందామనుకుంటున్నా, ఫైల్ కూడా గీసేశాను, పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో. 100 శాతం ఇన్‌ఫిల్ (లోపలంతా నింపడం) పెడితే సరిపోదా?

గేర్_గిరి
ఇన్‌ఫిల్ సమస్య కాదక్కా. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో 3ఎస్ మీద నడిపితే మోటార్ డబ్బా 60, 70 ఇట్టే తాకుతుంది. స్క్రూ బిగువు పోయి మెష్ జారి స్పర్ పోతుంది. పీఈటీజీ 80 దాకా ఓర్చుకుంటుంది, ఏబీఎస్ 100 దాకా, నైలాన్ ఇంకా నయం. పైగా అల్యూమినియం ప్లేట్ మోటార్ వేడిని లాగేస్తుంది, ప్లాస్టిక్ ఆ పని చెయ్యదు.

ప్రింటర్_రాణి
సరే, పీఎల్‌ఏలో ఒకటి ప్రింట్ తీసి బండిలో బిగించి జాగా చూసుకోవడానికే వాడతాను, నడిపేది ఏబీఎస్‌తో. కొండెక్కేవాడు గారికీ ఇది పనికొస్తుంది, లోహం కోయకముందు ప్రింట్ ముక్కతో ఎక్కడ ఏది తగులుతుందో తెలిసిపోతుంది.

నెమ్మదిగా_నడుపు
మంచి ఆలోచన. కొలతలకి పీఎల్‌ఏని మించింది లేదు.

కరెంటు_తీగ
వెనక్కి పోయే సంగతికొస్తా. బ్రష్డ్ కాబట్టి మోటార్ దగ్గర రెండు వైర్లు తారుమారు చెయ్యి, అయిపోయింది. ఒక్కటే చూసుకో, మోటార్ వెనక మూత తిప్పి టైమింగ్ (బ్రష్‌ల కోణం) సర్దే రకమా? అయితే టైమింగ్ సున్నాకి తే. ఒక దిక్కుకి టైమింగ్ ముందుకి పెట్టి ఉన్న మోటార్‌ని రెండో దిక్కున ముందుకి నడిపితే ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, బ్రష్‌లు తొందరగా అరిగిపోతాయి. మూత అతికేసిన మామూలు డబ్బా మోటార్ అయితే చాలావాటికి టైమింగ్ మధ్యలోనే ఉంటుంది, బెంగక్కర్లేదు.

ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ రివర్స్ చేస్తే సరిపోతుంది కదా అని ఎవరన్నా అంటారు, చెయ్యకు. చాలా ఈఎస్‌సీల్లో (మోటార్ వేగాన్ని నియంత్రించే పెట్టెల్లో) వెనక్కి వెళ్ళే దిక్కుకి పవర్ తక్కువ, డ్రాగ్ బ్రేక్ (థ్రాటిల్ వదలగానే పట్టే బ్రేక్) కూడా తేడాగా పట్టుకుంటుంది, వాలు మీద బండి నిలబడదు.

ఇది చదివే బ్రష్‌లెస్ వాళ్ళకి కూడా, సెన్సార్ ఉన్న మోటార్‌కి ఏ, బీ, సీ వైర్లు తారుమారు చెయ్యొద్దు, సెన్సార్ ఒకటి చెప్తుంటే వైర్ ఇంకోటి చేస్తుంది, వణికి మాడుతుంది. ఈఎస్‌సీ సెట్టింగులోనే దిక్కు మార్చండి. ఇంకోమాట, మోటార్ ముందుకి పోతే వైర్లు పొడుగు కావాలి, పాత వైర్ని లాగి బిగుతుగా పెడితే డ్రైవ్‌షాఫ్ట్‌కి చుట్టుకుంటుంది.

స్ప్రింగు_సీను
ఇక సర్వో, షాఫ్ట్ పట్టేయడం రెండూ కలిపి నేను చెప్తా, నా పేరుకి న్యాయం చెయ్యాలి కదా. రెండూ ట్రావెల్ (సస్పెన్షన్ కదిలే దూరం) ఎక్కువైన సమస్యలే, కానీ ఎదురు దిక్కులు. వేలాడినప్పుడు పట్టేయడం ఆపాలంటే షాక్ లోపల పిస్టన్ కింద, సీల్‌కి పైన సన్న ట్యూబ్ ముక్క పెట్టు, షాక్ అంత పొడవు సాగదు. 5 మి.మీ.తో మొదలుపెట్టు. సర్వో తగలడం ఆపాలంటే షాక్ బయట, రాడ్ మీద, బాడీకీ కింది చివరకీ మధ్య ముక్క పెట్టు, అంత లోపలికి నొక్కుకోదు. లోపల పెట్టాల్సింది బయట, బయట పెట్టాల్సింది లోపల పెడితే ఉన్న రోగం అలాగే ఉండి ఇంకోటి వస్తుంది.

ఇత్తడి_వీరుడు
ట్రావెల్ తగ్గిస్తే చక్రం నేల వదులుతది కదా సీనూ? క్రాలర్‌కి ఆర్టిక్యులేషనే (చక్రాలు పైకీ కిందికీ విడివిడిగా కదలడమే) ప్రాణం.

స్ప్రింగు_సీను
పనికొచ్చే ఆర్టిక్యులేషన్ వేరు, ఊరికే వేలాడటం వేరు. ముక్కు లేచినప్పుడు ముందు యాక్సిల్ ఎక్కువ వేలాడితే బాడీ పైకి నిటారుగా పోయి ఇంకా తొందరగా తిరగబడుతుంది. కొండెక్కేవాడు మౌంట్ మార్చిందే అది ఆపడానికి. కాబట్టి ముందు డ్రూప్ (ఆ వేలాడే దూరం) కొంచెం తగ్గిస్తే ఎక్కుడికి మేలే. కంప్రెషన్ మాత్రం అవసరమైనంతే కోయాలి, ఆ మాట నీతో ఏకీభవిస్తా.

పినియన్_పిచ్చి
ఇంకో దారి, పై లింకులు పొడుగువి చేసి యాక్సిల్ పినియన్‌ని (షాఫ్ట్ కలిసే ఇన్‌పుట్‌ని) గేర్‌బాక్స్ వైపు పైకి తిప్పితే యాక్సిల్ దగ్గర జాయింట్ కోణం తగ్గుతుంది.

నెమ్మదిగా_నడుపు
జాగ్రత్తగా చెయ్యాల్సిన పని అది. ముందు యాక్సిల్‌ని అలా తిప్పితే నకిల్స్ కూడా దాంతోపాటే తిరుగుతాయి, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలి ఉండటం) పోతుంది, స్టీరింగ్ తిన్నగా నిలవదు. సీ-హబ్‌లని (నకిల్స్‌ని పట్టుకునే ముక్కల్ని) యాక్సిల్ గొట్టం మీద తిప్పి బిగించే వీలుంటే తిప్పినంతా అక్కడ వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ వీలు లేని యాక్సిల్‌కి ఒకటి రెండు డిగ్రీలకి మించి వద్దు. పైగా కొండెక్కేవాడికి గీత పడింది గేర్‌బాక్స్ వైపు. యాక్సిల్‌ని ఎంత తిప్పినా అక్కడి కోణం మారదు.

ఇంకా ఉంది. సింగిల్ క్రాస్ జాయింట్ కోణంలో తిరిగేటప్పుడు వేగం ఒకేలా ఉండదు, ఒక చుట్టులో రెండుసార్లు నెమ్మదించి రెండుసార్లు ఎగురుతుంది. 22 డిగ్రీలకి ఆ తేడా అటూ ఇటూ 7, 8 శాతం. 32కి నెమ్మదించేది 15 శాతం, పెరిగేది 18 శాతం. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉండి, రెండు యోక్‌ల చెవులు ఒకే వరసలో ఉంటేనే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పినియన్ని బాగా పైకి తిప్పితే కోణాలు అసమానమవుతాయి, అక్కణ్ణుంచి వణుకు మొదలు. షాఫ్ట్ విప్పి మళ్ళీ కలిపినప్పుడు స్లైడర్ ఒక్క పన్ను తేడాగా కూర్చున్నా అంతే, బల్ల మీద పెట్టి రెండు చివర్ల చెవులు ఒకే చదునులో ఉన్నాయో లేదో కంటితో చూసి అప్పుడు బిగించు.

కొండెక్కేవాడు
అందరికీ చాలా థాంక్స్, ఇవాళ కూర్చుని అన్నీ చేశాను. షాక్ లోపల 5 మి.మీ. ముక్క పెట్టాక పట్టేయడం పోయింది, చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతోంది. షాఫ్ట్ చెవులు నిజంగానే ఒక పన్ను తేడాగా ఉన్నాయి, సరిచేశాను. వీరుడన్న చెప్పినట్టు మోటార్ కింది రంధ్రాలకి దించాను. దాంతో సర్వో ఇంకా ముందే తగులుతోంది కాబట్టి బయట 4 మి.మీ. ముక్కలు వేశాను, సర్వోకీ మోటార్‌కీ మధ్య ఇప్పుడు రెండు కాగితాలు దూరేంత సందు ఉంది, ఇంకాస్త ఉంటే బాగుండు. బ్యాటరీ మధ్యలోకి తెచ్చాక ముందు 1410. వైర్లు మార్చాను, నా మోటార్ అతికేసిన రకమే. వెనక షాఫ్ట్‌కి పొడుగు స్లైడర్ రావాలి, అది వచ్చాకే రాళ్ళ మీదికి తీసుకెళ్తా.

ఇత్తడి_వీరుడు
సర్వో కొమ్ము కింది వైపుకి తిప్పి బిగిస్తే, లేదంటే లో ప్రొఫైల్ సర్వో వేస్తే ఇంకో 8, 10 మి.మీ. దొరుకుతది. రెండు కాగితాలు చాలవు, లింకులు వంగినప్పుడు తగులుతది.

చిన్నచక్రం
మధ్యలో వస్తున్నా, నాది పోర్టల్ యాక్సిళ్ళ బండి, 2017లో వచ్చిన టీఆర్‌ఎక్స్-4, వీల్‌బేస్ 324. నేనూ మోటార్ ముందుకి జరుపుదామనుకుంటున్నా, నాకూ ఈ కోణం గొడవ ఉంటుందా?

నెమ్మదిగా_నడుపు
తక్కువ ఉంటుంది. పోర్టల్‌లో హబ్ దగ్గర గేర్లు ఉండటంవల్ల యాక్సిల్ గొట్టం చక్రం నడిమికంటే పైన ఉంటుంది, అంటే గేర్‌బాక్స్‌కీ యాక్సిల్‌కీ ఎత్తు తేడా తక్కువ, వాలు తక్కువ. పైగా వేగం తగ్గించే పని కొంత హబ్‌లోనే జరుగుతుంది కాబట్టి డ్రైవ్‌షాఫ్ట్ మీద టార్క్ తక్కువ, థ్రాటిల్ కొట్టగానే బాడీ ఒక పక్కకి మెలితిరగడం కూడా తగ్గుతుంది. అయినా స్ప్రింగులు తీసి చేత్తో తిప్పే పరీక్ష నీకూ తప్పదు. ముందు ఎత్తు తేడా, అడ్డం దూరం కొలిచి ఇక్కడ పెట్టు, ఆ మౌంట్ కొనాలో వద్దో దాన్నిబట్టి చెప్తాం.

లెక్కల_మాస్టారు
బ్యాటరీ ఎక్కడుందో, దాని బరువెంతో కూడా రాయండి. చాలాసార్లు మౌంట్ కొనకముందే పని అయిపోతుంది.

చిన్నచక్రం
రేపు కొలిచి పెడతా.